పిల్లల తెలుగు చేతిరాత ఇంట్లోనే దిద్దడం ఎలా: తలకట్టు నుంచి సొంత వాక్యం దాకా

రాత బాగోలేదని బడి నుంచి మాట వస్తే చాలా ఇళ్ళలో మొదట పడే శిక్ష రోజుకో పేజీ చూచిరాత. పది గీతలు రాసిన పేజీని ఒకసారి తీరిగ్గా చూడండి. మొదటి గీత మీద అక్షరాలు బాగానే ఉంటాయి. మూడో గీతకి కాస్త సాగుతాయి. పదో గీతకి వచ్చేసరికి ఏ అక్షరమో పోల్చుకోవడమే కష్టం. పిల్లలు పైనున్న నమూనా చూసి రాయరు, తాము అప్పుడే రాసిన గీతను చూసి రాస్తారు. తప్పును చూసి ఇంకో తప్పు, దాన్ని చూసి మరొకటి. అలా నెల రోజులు రాయిస్తే చేతికి అలవాటయ్యేది ఆ పదో గీతలోని రాతే.

కాబట్టి పేజీలు తగ్గించాలి. ముందు తప్పెక్కడుందో పట్టుకుని, దాన్నొక్కదాన్నే దిద్దాలి. కింద చెప్పినవి అయిదేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లల కోసం.

ముందు ఒక నమూనా తీసుకోండి

తెల్ల కాగితం మీద కాదు, పిల్ల రోజూ రాసే పుస్తకంలోనే ఈ వాక్యం రాయించండి:

అమ్మమ్మ రాత్రి కొత్త పొయ్యి మీద అన్నం వండి, పులుసు పోసి చెల్లికి పెట్టింది.

ఈ వాక్యం ఊరికే ఎంచింది కాదు. ఒత్తుగా మారినప్పుడు రూపం పూర్తిగా మారిపోయే ఆరు హల్లులూ (త, న, మ, య, ర, ల) ఇందులో ఉన్నాయి. గుడి, దీర్ఘం, ఎత్వం, ఒత్వం, కొమ్ము, సున్న కూడా ఉన్నాయి. పిల్లలు తరచూ తడబడే 'పు' కూడా ఉంది. తేదీ వేసి దాచండి. ప్రతి నెల ఒకటో తారీఖున మళ్ళీ ఇదే వాక్యం రాయించండి. బాగుపడిందో లేదో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు, పిల్లకి కూడా.

కాగితాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి. దగ్గరగా చూస్తే ప్రతి అక్షరంలోనూ తప్పే కనిపిస్తుంది. దూరం నుంచి అసలు లోపం బయటపడుతుంది. అది సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి: అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది; తలకట్లు దారి తప్పి ఎగిరిపోవడం; ఒత్తులకు చోటు చాలక పక్కకి జరగడం; పదానికీ పదానికీ మధ్య ఎడం లేకపోవడం. ఏది ఎక్కువగా కనిపిస్తే ముందు దాన్నే పట్టించుకోండి. మిగతావి చూసీ చూడనట్టు వదిలేయండి. నాలుగూ ఒకేసారి సరిచేయబోతే ఒక్కటీ కుదరదు.

కాగితం వెనక్కి తిప్పి వేలితో తడమండి. అక్షరాలు బొబ్బల్లా చేతికి తగిలితే పిల్ల పెన్సిల్‌ను గట్టిగా నొక్కుతోంది. చేయి నొప్పి, నెమ్మది, విసుగు అక్కడి నుంచే మొదలవుతాయి.

కూర్చోవడం, పట్టుకోవడం

కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. ఆనకపోతే కాళ్ళ కింద పీట వేయండి. గాలిలో వేలాడే కాళ్ళున్న పిల్ల ఒళ్ళు నిలవడానికి ఎడమ చేత్తో బల్లను పట్టుకుంటుంది, దాంతో పుస్తకాన్ని పట్టుకునే చేయి ఉండదు, పుస్తకం కదులుతుంది, గీత వంకర పోతుంది. బల్ల ఎత్తు మోచేయి ఎత్తుకి సరిపోవాలి. డైనింగ్ టేబుల్ అయిదారేళ్ళ పిల్లలకి దాదాపు ఎప్పుడూ ఎత్తే. కింద కూర్చుని రాస్తే బాసింపట్టు, ఒళ్ళో కాకుండా ముందు పొట్టి బల్ల. మంచం మీద బోర్లా పడుకుని రాసే రాతను ఎంత దిద్దినా లాభం లేదు.

కుడిచేతి వాటం పిల్లలకి పుస్తకం పై అంచు కొద్దిగా ఎడమకి వాలాలి, వెలుతురు ఎడమ నుంచి రావాలి. ఎడమచేతి వాటమైతే రెండూ తిరగేయండి, పుస్తకాన్ని కూడా ఒంటికి కాస్త ఎడమ పక్కకి జరపండి. ఎడమచేతి పిల్లలు తలకట్టు గీసేటప్పుడు పెన్సిల్‌ను లాగడానికి బదులు నెట్టాల్సి వస్తుంది, మొన గుచ్చుకుని కాగితం చిరుగుతుంది. మెత్తటి 2బి పెన్సిల్ ఇస్తే ఆ బాధ తగ్గుతుంది. కుడిచేత్తో రాయమని బలవంతం చేయకండి. పెద్దవాళ్ళు ఇంట్లో ఏమన్నా సరే.

పెన్సిల్ మొన నుంచి రెండు, రెండున్నర సెంటీమీటర్లు పైన పట్టుకోవాలి. ఎడమచేతి వాళ్ళు ఇంకో సెంటీమీటరు పైన పట్టుకుంటే రాసింది వాళ్ళకి కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు పట్టుకుంటాయి, మధ్యవేలు కింద ఆసరా. ఉంగరపు వేలూ చిటికెన వేలూ అరచేతిలోకి ముడుచుకోవాలి. అవి ముడవకపోతే ఆ రెండు వేళ్ళ కింద చిన్న దూది ఉండ పెట్టి పట్టుకోమనండి. దూది జారకుండా రాయాలంటే పట్టు దానంతటదే కుదురుతుంది.

హెచ్‌బి లేదా 2బి పెన్సిల్ చాలు. మూడు పలకల పెన్సిల్ మొదలుపెట్టేవాళ్ళకి మేలు. అరచేతి వెడల్పు కంటే పొట్టిదైపోయిన పెన్సిల్‌ను పొదుపు పేరుతో రాయించకండి. రబ్బరు మాత్రం దాచేయండి. తప్పు పోతే ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయాలి. చెరిపి రాసే అలవాటున్న పిల్లలు పావుగంటలో అయిదు నిమిషాలు రబ్బరు పొట్టు ఊదుకోవడంలోనే గడుపుతారు.

పలక, బలపం ఇంట్లో ఉంటే బయటికి తీయండి. పలక మీద బలపం కాస్త పట్టుకుంటూ కదులుతుంది, దాని వల్ల ఎటు తిరుగుతున్నామో చేతికి తెలుస్తుంది. చిన్న బలపం ముక్కని మూడు వేళ్ళతో తప్ప పట్టుకోవడం కుదరదు. పట్టు నేర్పడానికి దానికి సాటి ఏ ఖరీదైన గ్రిప్పూ లేదు.

వేళ్ళకి బలం

అయిదేళ్ళ లోపు పిల్లల చేత పెన్సిల్‌తో ఎక్కువగా రాయించకండి. వాళ్ళకి వేరే పనులు ఇవ్వండి: చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం, చపాతీ పిండి నలపడం, పూలు గుచ్చడం, బట్టల క్లిప్పులు తీగకి పెట్టడం. పళ్ళెంలో బియ్యప్పిండి పలచగా పరిచి వేలితో అక్షరం రాయించండి.

అన్నిటికంటే పనికొచ్చేది మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ గీత తెగకుండా తిప్పుకుంటూ రావడమే తెలుగు అక్షరానికి కావలసిన కదలిక. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి మన లిపి గుండ్రంగా తయారైందని అంటారు. కారణం ఏదైనా ఈ లిపికి మణికట్టు తేలిగ్గా తిరగాలి. మూడు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టి, కాగితం మీద పెన్సిల్‌తో వేయించండి. అబ్బాయిల చేత కూడా.

మూడు అంతస్తులు

ఇంగ్లిషు కోసం నాలుగు గీతల పుస్తకం కొంటారు, తెలుగుకి ఒంటిగీత పుస్తకం ఇచ్చేస్తారు. సగం సమస్య ఇక్కడే. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులుంటాయి. పైన తలకట్టు, గుడి, ఎత్వం. నడుమ అక్షరం ఒళ్ళు. కింద ఒత్తులు. ఒంటిగీత మీద ఒత్తుకి చోటుండదు, అందుకే పిల్ల దాన్ని పక్కకి తోస్తుంది.

మొదటి ఆరు వారాలు తెలుగుకి కూడా నాలుగు గీతల పుస్తకమే వాడండి. అక్షరం ఒళ్ళు మధ్య గడిని పైనుంచి కిందిదాకా నింపాలి. తలకట్టు, గుడి పై గడిలోకి వెళ్ళాలి. ఒత్తులు కింది గడిలో ఉండాలి. సున్న కూడా మధ్య గడిని పూర్తిగా నింపాలి, చాలామంది దాన్ని చుక్కలా పెట్టి వదిలేస్తారు. తర్వాత ఒంటిగీత పుస్తకానికి మారినప్పుడు ఒక గీత వదిలి ఒక గీత మీద రాయించండి. రెండు మూడు నెలలకి గీత వదలడం మానేయవచ్చు.

పదాల మధ్య ఎడం ఎంతంటే పిల్ల చిటికెన వేలు పట్టేంత.

ఇంగ్లిషు కర్సివ్ నేర్చుకుంటున్న పిల్లలు తెలుగును కూడా కుడికి వాల్చి, అక్షరాలను కలిపేస్తుంటారు. తెలుగులో అక్షరం నిటారుగా, విడిగా నిలబడుతుంది. రెండింటినీ ఒకే పూట రాయించకపోతే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

అక్షరాలు: వరుసలో కాదు, కుటుంబాలుగా

క ఖ గ ఘ వరుస నోటికి బాగుంటుంది కానీ చేతికి కాదు. ఒకే కదలికతో వచ్చే అక్షరాలను కలిపి దిద్దించండి.

మొదట తలకట్టు ఒక్కటే. చిన్నగా కిందికి దిగి, కాస్త పొడవుగా కుడికి పైకి లేచే టిక్ గుర్తు. దిగేది పొట్టి, లేచేది పొడుగు. రెండూ సమానంగా గీస్తే అక్షరం మీద ఇంగ్లిషు V ఆకారపు కొమ్ములు మొలిచినట్టుంటుంది. ఒక గీతంతా తలకట్లే వేయించండి. అక్షరం ఒళ్ళు పూర్తయ్యాకే తలకట్టు వేయడం అలవాటు చేయండి.

తర్వాత తలకట్టు లేని అక్షరాలు: ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ. అలవాటు కొద్దీ 'ట' మీదా 'ల' మీదా కూడా టిక్ పెట్టేసే పిల్లలుంటారు. ఈ తొమ్మిదీ ఒక చీటీ మీద రాసి బల్ల ముందు అంటించండి.

గుండ్రం నుంచి వచ్చేవి: గుండ్రం మీద తలకట్టు పెడితే ర, లోపల చుక్క పెడితే ఠ. ద లో చుక్క పెడితే థ, ద కింద గీత పెడితే ధ. ఆ కింది గీతే చ ను ఛ గా, డ ను ఢ గా, ప ను ఫ గా మారుస్తుంది. ఈ గీత మరిచిపోవడం కేవలం అందం సంగతి కాదు, అక్షరమే మారిపోతుంది. ద, డ తేడా మీరు చెప్పకండి. రెండింటినీ జానెడు ఎత్తున పక్కపక్కన రాసి, ఎక్కడ తేడా ఉందో వేలితో చూపించమనండి. తానే కనిపెట్టిన తేడా పిల్ల మరవదు.

ప, వ దగ్గర ఎక్కువ తికమక. 'ప' పైన తెరిచి ఉంటుంది, దాని తలకట్టు ఒంటికి అంటదు. 'వ' ఎడమ వైపు ముడిపడి మూసుకుంటుంది. తొందరలో ప తలకట్టును ఒంటికి అంటిస్తే అది వ లా కనిపిస్తుంది, 'పాలు' 'వాలు' అయిపోతుంది. ఘ, ప, ఫ, ష, స, హ అన్నిటికీ తలకట్టు విడిగానే ఉండాలి. వీటిని ఒకే రోజు రాయించండి. వ పక్కన తోక చేరిస్తే మ వస్తుంది కాబట్టి వ కుదిరాకే మ.

రోజుకి రెండు మూడు అక్షరాలు, ఒక్కోటి అయిదుసార్లు. అంతకు మించి వద్దు. అయిదింటిలో ఏది బాగుందో పిల్లనే సున్న చుట్టమనండి. తర్వాత ఎందుకు బాగుందో చెప్పమనండి. మీరు తప్పుల చుట్టూ ఎర్రసిరాతో చుట్టినదాని కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది. నమూనా గీత కింద రాసిన గీతలను ఒక కాగితం ముక్కతో కప్పుతూ వెళ్ళండి. నమూనా ఒక్కటే కనిపించాలి.

గుణింతం ఎక్కడ తప్పుతుంది

గుడి, ఎత్వం వచ్చినప్పుడు తలకట్టు పోతుంది. 'కి' మీద తలకట్టు పెట్టి దాని పైన మళ్ళీ గుడి కట్టే పిల్లలు ఎంతోమంది. కొమ్ము వచ్చినప్పుడు మాత్రం తలకట్టు ఉంటుంది: కు, గు, ను. ఈ ఒక్క సూత్రం పక్కన కూర్చుని మూడు రోజులు చూపిస్తే గుణింతంలో తప్పులు చాలావరకు పోతాయి.

పు, ఫు, వు వేరు. వీటికి కొమ్మును అక్షరం పక్కన పెట్టకుండా కింది నుంచి మొదలుపెట్టి కుడికి తీయాలి. ఎందుకంటే వ పక్కనే కొమ్ము పెడితే అది మ అయిపోతుంది. ఈ కారణం చెప్తే పిల్లలు నవ్వుకుంటూ గుర్తుపెట్టుకుంటారు. అలాగే 'మొ', 'యొ' రాసేటప్పుడు మిగతా అక్షరాల్లా తల మీద ఒత్వం పెట్టం. మె, యె రాసి పక్కన కొమ్ము చేరుస్తాం. నమూనా వాక్యంలోని 'పొయ్యి'లో పొ మీదుగా వచ్చే ఒత్వాన్ని 'మొక్క'తో పోల్చి చూపించండి.

ఒత్తులు

రెండు జట్లుగా నేర్పండి. మొదటి జట్టు, తలకట్టు ఉంటే తీసేసి అక్షరాన్ని చిన్నదిగా కింద రాస్తే సరిపోయేవి: గ్గ, చ్చ, ట్ట, డ్డ, ద్ద, ప్ప, బ్బ. గడ్డి, పిచ్చుక, చెట్టు, పప్పు, డబ్బు లాంటి మాటలు రాయించండి. రెండు మూడు రోజులు చాలు.

రెండో జట్టు, పైన చెప్పిన ఆరు. వీటికి అక్షరానికీ ఒత్తుకీ పోలిక ఉండదు కాబట్టి విడిగా బొమ్మల్లా నేర్చుకోవాలి. రోజుకి రెండు: అత్త, అన్న, అమ్మ, అయ్య, బుర్ర, పిల్ల. చుట్టాలు ఉండటం వల్ల ఇవి తేలిగ్గా పడతాయి. క్రావడి (ర ఒత్తు) మాత్రం ఎడమ పక్కన మొదలై అక్షరం కింది నుంచి చుట్టుకుంటుంది, మిగతా ఒత్తుల్లా కుడి మూలన ఉండదు. ఒత్తు సైజు అక్షరంలో సగానికి కాస్త ఎక్కువ ఉండాలి. మరీ చిన్నదైతే చదవలేం, పెద్దదైతే కింది గీతలోని గుడికి తగులుతుంది.

రోజూ పావుగంట

అయిదారేళ్ళ వాళ్ళకి 10 నిమిషాలు, ఏడెనిమిదేళ్ళకి 15, ఆపైన 20. వారంలో ఆరు రోజులు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి లెక్క సరిచేయడం కుదరదు. విదేశాల్లో వారానికోసారి మనబడి లాంటి తెలుగు తరగతులకి వెళ్ళే పిల్లలకి ఇది మరీ ముఖ్యం. వారం మధ్యలో పెన్సిల్ పట్టకపోతే ప్రతి వారం మొదటికొస్తుంది.

1. మొదటి వారం: కూర్చోవడం, పట్టు, తలకట్టు, ముగ్గు. అక్షరాలు వద్దు.
2. రెండో వారం: తలకట్టు లేనివి, గుండ్రం కుటుంబం.
3. మూడో వారం: ప, వ కుటుంబాలు, కింది గీత ఉన్నవి.
4. నాలుగో వారం: గుణింతం. ఒక అక్షరానికి అన్నీ కాదు, ఒక గుర్తును పది అక్షరాలకి.
5. అయిదో వారం: ఒత్తులు.
6. ఆరో వారం: రోజుకి రెండు వాక్యాలు, మెల్లగా.

వేగం గురించి ఈ ఆరు వారాలూ ఎత్తకండి. ఆకారం కుదిరాక ఒక నిమిషంలో ఎన్ని మాటలు చదవగలిగేలా రాసిందో లెక్కపెట్టవచ్చు. హోంవర్కును దిద్దుబాటుతో కలపకండి. హోంవర్క్ ఎలా ఉన్నా పోనివ్వండి. ఈ పావుగంటే లెక్క.

గట్టిగా నొక్కే పిల్లలకి ఒక ఉపాయం ఉంది. కాగితం కింద మడిచిన తువ్వాలు పెట్టి రాయించండి. నొక్కితే కాగితం చిల్లు పడుతుంది. చిల్లు పడకుండా రాయడం రెండు మూడు రోజుల్లో ఆటైపోతుంది.

చూచిరాత నుంచి ఉక్తలేఖనం

ఇక మీరు చెప్తే పిల్ల విని రాయాలి. రోజుకి అయిదు మాటలు. అందులో మూడు నిన్న తప్పు పోయినవే. వాక్యమైతే ఒకసారి మామూలు వేగంతో మొత్తం చదవండి, తర్వాత రెండు మూడు మాటల చొప్పున చెప్పండి, చివర మళ్ళీ మొత్తం చదవండి. ఆ చివరిసారి పిల్ల వేరే రంగు పెన్సిల్‌తో తనే దిద్దుకోవాలి. అప్పటిదాకా పుస్తకం మీ చేతికి రాకూడదు.

తప్పులను రకాలుగా విడదీయండి. దీర్ఘం పోతుంటే చెవి తప్పు. కలం–కాలం, పలు–పాలు, వడ–వాడ జంటలు పలికించి, దీర్ఘానికి రెండు చప్పట్లు కొట్టించండి. ఒత్తు పోతుంటే గడి–గడ్డి, గుడి–గుడ్డి, అట–అట్ట. ల–ళ, న–ణ, శ–ష–స తప్పుల్ని చెవితో పట్టుకోలేం. చాలా ఇళ్ళలో ఆ తేడా మాటలో వినపడదు. వాటిని చదివి, చూసి గుర్తుపెట్టుకోవాలి. ళ ఉన్న పది మాటలు ఒక చీటీ మీద రాసి గోడకి అంటించండి: కళ్ళు, నీళ్ళు, పళ్ళు, కాళ్ళు, తాళం...

సొంతంగా రాయడం

'నా స్నేహితుడు' మీద పది వాక్యాలు రాయమంటే పిల్ల పెన్సిల్ నములుతుంది. రాయాల్సిన పని ఇవ్వండి. సరుకుల చీటీ, డబ్బా మీద అంటించే పేరు, ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి నాలుగు వాక్యాల ఉత్తరం, నిమ్మకాయ నీళ్ళు ఎలా కలపాలో తమ్ముడికి చెప్పే అయిదు మెట్లు. తమ్ముడు ఆ చీటీ చూసే కలపాలి. ఉప్పు వేయమని రాయడం మరిచిపోతే నీళ్ళే చెప్తాయి.

మొదట్లో పిల్ల చెప్తే మీరు రాయండి, పిల్ల చూసి రాస్తుంది. తర్వాత మొదటి వాక్యం మీది, మిగతావి తనవి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, తర్వాత ఏమైంది అనే అయిదు ప్రశ్నలకి ఒక్కో వాక్యం వస్తే పేరా అయినట్టే.

పిల్లల తెలుగు రాతలో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది: 'రవి లేచాడు. రవి పళ్ళు తోముకున్నాడు. మరియు రవి బడికి వెళ్ళాడు.' వాక్యాల మధ్య 'మరియు' పెట్టే ఈ తీరు ఇంగ్లిషు నుంచి దిగుమతైంది. 'రవి లేచి, పళ్ళు తోముకుని బడికి వెళ్ళాడు' అనేది మనం మాట్లాడే తీరు. ఇలాంటి మూడు చిన్న వాక్యాలు ఇచ్చి ఒకటిగా కలపమనండి. రోజుకొక్కటి.

తెలంగాణలో పిల్ల 'వచ్చిండు' అని రాస్తే, ఆంధ్రలో ఇంట్లో మాట్లాడినట్టే రాసేస్తే అది అక్షర దోషం కాదు. ఉత్తరంలో ఉండనివ్వండి. పరీక్షకి పాఠ్యపుస్తకంలో ఎలా ఉంటుందో విడిగా చెప్పండి. దిద్దేటప్పుడు ముందు విషయం గురించి ఒక మాట మాట్లాడి, తర్వాత ఒక రకం తప్పుని మాత్రమే చూపండి.

దిద్దినా కుదరనప్పుడు

అద్దంలో చూసినట్టు తిరగేసి రాయడం ఏడేళ్ళ లోపు మామూలే. ఆ తర్వాత కూడా సాగుతుంటే, మూడు నాలుగు నెలల పావుగంటల తర్వాత కూడా నమూనా వాక్యం మారకపోతే, నోటితో చక్కగా చెప్పగలిగిన పిల్ల కాగితం మీద రెండు వాక్యాలు కూడా పెట్టలేకపోతుంటే, రాసిన ప్రతిసారీ చేయి నొప్పంటుంటే బద్ధకమని తిట్టకండి. ముందు కళ్ళు చూపించండి. తర్వాత పిల్లల డాక్టరుతో మాట్లాడి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాయడం లాంటి రోజువారీ పనుల్లో తర్ఫీదిచ్చే నిపుణులు) దగ్గరికి వెళ్ళండి. అది డిస్‌గ్రాఫియా, అంటే రాయడానికి సంబంధించిన అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవాళ్ళ సాయం అడగవచ్చు. ధ్రువపత్రం చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి పదో తరగతి దాకా ఆగకుండా అంతకు ముందే మొదలుపెట్టండి. వెళ్ళేటప్పుడు తేదీలు వేసి దాచిన నమూనా కాగితాలన్నీ వెంట తీసుకెళ్ళండి.